పందిరి కింద గూడు

"ఇరవై తొమ్మిది," అంది అక్క ఫోన్లో, ఇసుకలోంచి థర్మామీటరు పైకి తీసి కళ్ళజోడు సర్దుకుంటూ.

అవతల తమ్ముడు నవ్వాడు. "ఆడపిల్ల పుడితే మొహం ముడుచుకునేవాళ్ళను చూశాను గానీ, మగపిల్లల కోసం ఇసుకకు నీళ్ళు చల్లేదాన్ని నిన్నే చూస్తున్నానక్కా."

వేళాకోళానికే అన్నాడు గానీ, సంగతి అదే. తాబేలు గుడ్డులో ఆడా మగా తేల్చేది ఇసుక వేడి. ఎండలు ముదిరేకొద్దీ అన్నీ ఆడవే పుడుతున్నాయి. పాతికేళ్ళుగా ఆ తీరంలో మగపిల్ల కనిపించడం గగనమైపోయింది. అందుకే ఈసారి తాబేళ్ళ మీద పరిశోధన చేసే డాక్టరమ్మ ఒక గూడు అక్కకు అప్పగించింది. నూట పది గుడ్లు.

"పందిరి వేసి, కాస్త కాస్త తడుపుతుండు. మరీ తడిపావంటే కుళ్ళిపోతాయి," అని ఒకటికి పదిసార్లు చెప్పింది.

ఆ తీరానికి కాపలా అక్క ఒక్కతే. మొగుడున్నన్నాళ్ళూ ఇద్దరూ కలిసి చేసిన పని. ఆయన పోయి మూడేళ్ళయింది. పలకరించే దిక్కులేక ఆమె గూటితోనే మాట్లాడేది. ఎండ మరీ మండిన రోజున తన గది కిటికీ తెర కూడా విప్పి పందిరి మీద కప్పింది.

యాభై రోజులకు పక్క గూళ్ళలోని పిల్లలు బిలబిలమంటూ నీళ్ళలోకి పోయాయి. ఈ గూడు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"చల్లటి గూడు ఆలస్యమవుతుందిలే," అంది డాక్టరమ్మ.

డెబ్బయ్యవ రోజున వచ్చి తనే తవ్వింది. ఒక గుడ్డు కోసింది. లోపల పచ్చసొన తప్ప మరేమీ లేదు.

"నా చేతులారా చంపుకున్నాను," అంది అక్క.

"అప్పుడే ఏమీ అనుకోకు." పది గుడ్లు పరీక్షకు తీసుకుని డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు అక్క పొయ్యి వెలిగించలేదు. ఐదోరోజు పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేసింది. "వచ్చేస్తానురా. ఈ చేతికి ప్రాణాలు అప్పగించకూడదు."

తన దగ్గరికి వచ్చేయమని మూడేళ్ళుగా పోరుతున్నాడు వాడు. "నీ గది నీకు అలాగే ఉందక్కా," అన్నాడు.

మధ్యాహ్నానికి పెట్టె సర్దుకుంది. అప్పుడే డాక్టరమ్మ వచ్చి గడప మీద కూర్చుంది.

"ఎక్కువ తడిపేశాను కదూ?" అంది అక్క.

"లేదు. నీ తడీ సరిగ్గానే ఉంది, నీ నీడా సరిగ్గానే ఉంది."

"మరెలా చచ్చిపోయాయమ్మా?"

"చావలేదక్కా. అసలు ప్రాణమే పడలేదు."

"అంటే?"

డాక్టరమ్మ సముద్రం వైపు చెయ్యి చూపించింది.

"ఆ తల్లికి మగతోడే దొరకలేదు."