నత్తగుల్లలో కొర్రలు

అడవి అంచున చాపంత నేల సాగుచేసుకునే ఎలుకమ్మ ఒకామె ఉండేది. మొదటి వానకే గింజలన్నీ చల్లేయడం ఆమెకు అలవాటు లేదు. సగం కొర్రలకు పురుగు పట్టకుండా బూడిద కలిపి నత్తగుల్లలో దాచేది.

"గుల్లలో నగలున్నాయా అత్తా? ఎవరి పెళ్లికి పెట్టుకుంటావు?" అని ఉడత ఆటపట్టించేది.

ఆ ఏడు మొదటి వాన మురిపించి వెళ్లిపోయింది. మొలకలు మాడిపోయాయి. గింజలన్నీ చల్లేసుకున్న ఇరుగుపొరుగుకు విత్తనమే మిగల్లేదు.

ఓ సాయంత్రం ఉడత వెళ్లేసరికి ఎలుకమ్మ గుల్ల మూత తీస్తోంది. పక్కన ఆమె పిల్లలు ఆకలితో ఏడ్చే ఓపిక కూడా లేక పడుకుని ఉన్నారు.

"నగలు అమ్మేస్తున్నావా అత్తా?" అని నవ్వబోయింది ఉడత.

"వండేస్తున్నానురా. రేపు వానొచ్చినా చల్లడానికేమీ ఉండదు. కానీ వీళ్లను ఆగమని ఎలా చెప్పను?"

"ముందు ఆ మూత పెట్టెయ్" అని ఉడత చెట్టెక్కి, తొర్రలో దాచుకున్న చింతగింజలన్నీ తెచ్చి పిల్లల ముందు పోసింది. కుందేలునీ చిలుకనీ తిట్టీ బతిమాలీ దుంపలూ పళ్లూ తెప్పించింది. వానొచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ పస్తు పడుకోలేదు, గుల్ల మూత తీయలేదు.

చివరికి ఒక్క వాన పడింది. గుల్లలోంచి తీసి చల్లిన కొర్రలకు అది చాలింది.

కోతనాడు అందరూ కడుపునిండా తిన్నారు. "నా వాటా ఏదత్తా?" అంది ఉడత. ఎలుకమ్మ బూడిద కలిపిన కొర్రలు దాని చేతిలో పోసి, "ఇవిగో, నీ నగలు" అంది.

ఉడత వాటిని నోట్లో వేసుకోలేదు. గుప్పిట మూసుకుని, మూడు కాళ్ల మీద, ఖాళీ గుల్ల వెతకడానికి వాగు ఒడ్డుకు పరిగెత్తింది.