మస్కట్ పరీక్ష

“అక్కా, మూత గట్టిగనే పెట్టిన, అయినా వంచకు,” అంటూ స్వరాజ్యం గుడ్డలో చుట్టిన చిన్న సీసాను తోటికోడలు బాలలక్ష్మి చేతిలో పెట్టింది. “పొద్దుగాల లేవంగనే పోసిందే కావాల్నట. నాకేమో బడిల పరీక్షల డ్యూటీ పడ్డది. నువ్వెట్లాగు బజారుకు పోతున్నవు గదా, అజీజ్ ల్యాబుల ఇచ్చిరా. రక్తం నిన్ననే ఇచ్చిన.”

“ఇస్త తియ్యి. నేనేమన్న తాగుతనా?”

చూశారా! చివరికి చిన్నకోడలి ఉచ్చ మోసే గతి పట్టింది పెద్దకోడలికి. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు పెద్దలు. బీఈడీ చదివిన ఈ స్వరాజ్యం గడప తొక్కిన నాటి నుంచీ ఇంట్లో మంచి మాటంటూ ఉంటే అది దాని పేరు మీదే. అత్త చంద్రవ్వ నలుగురిలో “మా టీచరమ్మ” అంటుంది. మరిది భూపతి పోయిన బతుకమ్మకు ముందే మస్కట్ వెళ్లాడు. ఇప్పుడు అక్కడి బడిలోనే లెక్కలు చెప్పే కొలువు స్వరాజ్యానికీ దొరికింది. ఇక మిగిలింది డాక్టరీ పరీక్షలు. ఒంట్లో ఏ రోగమూ లేదని రిపోర్టు వెళ్తేనే వీసా.

మరి బాలలక్ష్మికి ఏం దొరికింది? మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టడం. పెళ్లయి తొమ్మిదేళ్లయినా నిండని ఒడి. అది చాలదన్నట్టు ఈమధ్య నీరసం, కళ్లు తిరగడం, రాత్రిళ్లు మాటిమాటికీ లేచి పెరట్లోకి పోవడం. చనిపోయిన తల్లికి షుగర్ అచ్చం ఇలాగే మొదలైంది. ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే అత్త, “గొడ్డుదానికి రోగం గూడనా?” అనగలదు. దేవుడికి మాత్రం కళ్లున్నాయా! ఒకదానికి మస్కట్ రాశాడు, ఇంకొకదానికి షుగర్ రాశాడు.

“ఏమేం చూస్తరే అండ్ల?” అని అడిగింది బాలలక్ష్మి, సీసాను ఎండకు పట్టి.

“అన్ని చూస్తరక్కా. షుగర్ ఉన్నా రానియ్యరట. మా బడిల ఒక సారుకు గట్లనే ఆగిపోయింది. నాకేం ఫికర్ లేదు, రాయి లెక్క ఉన్న.”

అని నవ్వింది స్వరాజ్యం. ఆ నవ్వు చూస్తే బాలలక్ష్మికి ఒళ్లంతా కారం పూసినట్టయింది.

సందు మలుపులో మోరీ దగ్గర ఆగింది. పారబోస్తే? పారబోస్తే రేపు ఇంకో సీసా నింపి ఇస్తుంది, అంతేగా. ఆ మాత్రం తెలియనిదా బాలలక్ష్మి! పళ్లు కొరుక్కుంటూ నడిచింది. కాళ్లు పీకుతుంటే దారిలో మేనత్త ఇంట్లో కాసేపు ఆగి, మంచినీళ్లు తాగి, పెరట్లోకి పోయొచ్చి, ల్యాబుకు చేరేసరికి ఎండ ముదిరింది.

“పొద్దుగాల్లనే తెమ్మంటిని గదమ్మా,” విసుక్కున్నాడు అజీజ్. “ఎవలది?”

“మా యారాలిది. స్వరాజ్యలక్ష్మి అని రాసుకో. మస్కట్ పోయే టీచర్,” అని ఒత్తి మరీ చెప్పింది. “మంచిగ చూడు అన్నా. ఏదీ ఇడువకు.”

సాయంత్రం అజీజే ఇంటికి వచ్చాడు. బాలలక్ష్మి భర్త నాగయ్య స్టూలు వేశాడు. స్వరాజ్యం చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

“రిపోర్టు పంపకముందు ఒక మాట చెప్పిపోదామని వచ్చిన,” అన్నాడు అజీజ్. “రక్తం సాఫ్‌గ ఉన్నది. మూత్రంల షుగర్ గిట్ల ఏం లేదు.”

బాలలక్ష్మి మొహం మాడిపోయింది.

“కానీ ఇప్పుడైతే తోల్కపోరు. కడుపుతోని ఉన్నది. రెండుసార్లు చూసిన. కాన్పు అయినంక పోవచ్చు తియ్యిన్రి. మిఠాయి ఎప్పుడు పెడుతరు మరి?”

ఎవరూ నవ్వలేదు. అజీజ్‌కు ఏమీ అర్థంకాక, కాగితం నాగయ్య చేతికిచ్చి వెళ్లిపోయాడు.

కడుపు అన్న మాట చెవిన పడగానే కళ్లు తిరిగి బాలలక్ష్మి దర్వాజా పట్టుకుంది. ఆ ఒక్క మాట కోసం తొమ్మిదేళ్లు ఎన్ని గుళ్ల చుట్టూ తిరిగింది, ఎన్ని ఉపవాసాలుంది! ఇన్నాళ్లకు ఆ మాట ఇంట్లో వినబడితే, అది కూడా స్వరాజ్యం పేరు మీదేనా!

“నా కొడుకు మస్కట్ల ఉంటే నీకు కడుపెట్లొచ్చిందే?” చంద్రవ్వ చిన్నకోడలి జుట్టు పట్టుకుంది. “బడికని పోయి చేసిన ఎలగబెట్టుడు గిదేనా?”

“అత్తమ్మా, నాకేం తెల్వదు! వాళ్లు తప్పు చూసిన్రు. రేపు మల్ల పరీక్ష చేయించుకుంట.”

“ఇంక ఊరంత చాటిచ్చుకుంటవా? నాగయ్యా, ఎస్టీడీకి పోయి తమ్మునికి ఫోన్ కొట్టు. గీమె మనకొద్దని చెప్పు. ఈ రాత్రికే కోహెడల వాళ్ల అవ్వగారింట్ల దిగబెట్టి రా.”

నాగయ్య అంగీ తొడుక్కున్నాడు.

బాలలక్ష్మి కోరుకున్నదానికంటే ఎక్కువే జరుగుతోంది. మస్కట్ కొలువు పోయింది. ఆ ఫోన్ మోగిందంటే మొగుడూ పోతాడు, పరువూ పోతుంది. తను చేయాల్సింది నోరు మూసుకుని నిలబడటమే. ఓర్వలేనితనం ఇంత చక్కగా ఎవరికి పండుతుంది?

స్వరాజ్యం వచ్చి ఆమె కాళ్లు చుట్టేసుకుంది. “అక్కా, ఈ ఇంట్ల అందరికంటె నువ్వే నన్ను దగ్గరుండి చూసినవు. నువ్వన్న చెప్పు. నేను గసుంటిదాన్నా?”

నాగయ్య గడప దాటుతున్నాడు. బాలలక్ష్మి ఒక్క ఉదుటున పోయి అంగీ పట్టి వెనక్కి లాగింది. ఆమె కళ్లల్లో నీళ్లు, పెదవుల మీద ఆపుకోలేని నవ్వు చూసి, దీనికి పిచ్చి పట్టిందేమో అనుకున్నాడు నాగయ్య.

“ఫోన్ చెయ్యకయ్యా,” అంది.

“గా సీసలది నాది.”