మోగే బోర్డు

"ఇంతకంటే మంచి మదర్‌బోర్డు మా షాపులోనే కాదు, ఊళ్ళోనే లేదండీ." షాపతను దాన్ని పసిబిడ్డను ఎత్తినట్టు పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

పెద్దాయన దాన్ని కన్నెత్తి చూడలేదు. "ఆన్ చెయ్యగానే బీప్‌మంటుందా?"

"పాత బోర్డులే అలా మోగేవండీ. దీనికి బుల్లి తెర ఉంది, దాని మీద అంకెలు వస్తాయి."

"అయితే వద్దు బాబూ." పెద్దాయన గొంతు తగ్గించి, తలుపు దగ్గర నిలబడ్డ భార్యను కళ్ళతోనే చూపించాడు. "మా అబ్బాయి పోయి ఏడాది దాటింది. వాడి కంప్యూటర్ రోజూ నేనే ఆన్ చేస్తాను. ఆ బీప్ వింటేనే ఆవిడ మనసు కుదుటపడుతుంది. మొన్న బోర్డు కాలిపోయింది. అప్పట్నుంచీ ఆవిడకి నిద్ర లేదు."

షాపతను సొరుగంతా గాలించి వేలిగోరంత స్పీకరొకటి పట్టుకొచ్చాడు. "ఇది తగిలిస్తే ఇదీ మోగుతుంది, చూడండి." ప్రాసెసర్, మెమరీ బిగించి మీట నొక్కాడు.

బీప్.

పెద్దాయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. "అన్నం తిని కూర్చోరా దాని ముందు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అంటూ షాపు లోపలి గదివైపు చూసి విసుక్కున్నాడు.

ఆ గదిలో ఖాళీ అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు.

ఆవిడ వచ్చి భర్త చెయ్యి పట్టుకుంది. "తింటాడు లెండి. కోప్పడకండి."

తర్వాత షాపతనివైపు తిరిగి మెల్లగా అంది.

"ఇలాంటి స్పీకర్లు ఇంకో రెండివ్వు నాయనా. మళ్ళీ మోగకపోతే ఈయన నిద్రపోరు."