పసుపు గొడుగు

రేవుపట్నం కీలుంగ్‌లో ఆ రాత్రీ వాన వదల్లేదు. నిరుడు పోయిన భర్త నలుపు తెలుపు ఫొటోకి బీయున్ కంప్యూటర్‌లో రంగులు వేస్తోంది. పెళ్ళైన కొత్తలో గనుల ఊరికి ఒక్కడినే వెళ్ళొచ్చానని ఆయన చెప్పిన ఫొటో అది. కానీ ఆయన భుజం పక్కన ఎవరిదో గొడుగు అంచు పడింది. దానికి నీలం వేసింది. కళ్ళు నులుముకుని చూసేసరికి అది పసుపుపచ్చగా ఉంది. మళ్ళీ నీలం వేసింది. చూస్తుండగానే మళ్ళీ పసుపుకి తిరిగింది.

భయమేసి, ఊరవతల ఒంటరిగా ఉండే చెల్లెలు లీజూకి ఫోన్ చేసింది.

"గనుల ఊళ్ళో మీ బావ తీయించుకున్న ఫొటో ఉందే, అందులో గొడుగుకి నీలం నిలవట్లేదే!"

"అర్ధరాత్రి ఇదేం పిచ్చక్కా! నీలమెలా నిలుస్తుంది, అది పసుపు గొడుగైతే..."

లీజూ మాట అక్కడే ఆగిపోయింది. రెండిళ్ళ మీదా వాన చప్పుడొక్కటే వినిపిస్తోంది.

"నీకెలా తెలుసే?" అంది బీయున్.

ఫోన్‌లో చెల్లెలి పక్కనుంచి, నిరుడు బీయున్ తన చేతులతో అస్థికలు ఏరి తెచ్చిన మనిషి గొంతు, నిద్రమత్తుగా అంది:

"ఫోన్ పెట్టెయ్, లీజూ."