సమానం గుర్తులు

"నా పేరు ఇంకా పెద్దగా కనబడాలి," అన్నారు ప్రిన్సిపాల్‌గారు, తలుపు దగ్గరగా వేసుందో లేదో మరోసారి చూసుకుని.

కాలేజీ గురించి అందరూ కలిసి రాసుకునే వెబ్ పేజీ అది. ఇంకో గంటలో లెక్చరర్లందరికీ దాని మీద ఆయనే పాఠం చెప్పాలి. ప్రస్తుతం ఆయనకి చెబుతున్నది ఆఫీసు ఆయా.

"పేరుకి అటో రెండు, ఇటో రెండు సమానం గుర్తులు కొట్టండి సార్. శీర్షికైపోతుంది."

కొట్టారు. పేరు పెద్దదైంది. కానీ దాని కిందున్న 'మరుగుదొడ్లు' అన్న శీర్షిక కూడా సరిగ్గా అంతే ఉంది.

"నేనూ మరుగుదొడ్లూ ఒకటేనా?" అంటూ అటూ ఇటూ మూడేసి కొట్టారు. పేరు తగ్గింది. పంతం కొద్దీ నాలుగేసి, ఐదేసి, ఆరేసి కొట్టారు. పేరు చీమ తలకాయంతైంది. ఆయన ముఖమూ చిన్నబోయింది.

"ఇదేం గోల?"

"అదంతే సార్. సమానం పెరిగేకొద్దీ పెద్దవాళ్లు చిన్నవాళ్లైపోతారు."

"నోరెక్కువైంది నీకు. అసలివన్నీ నీకెవరు నేర్పారు?"

"మీరేగా సార్ పంపారు! ఆ మూడు రోజుల శిక్షణకి మీ బదులు వెళ్లి, హాజరుపట్టీలో మీ పేరు రాసి, ఊరికే కూర్చుని రమ్మన్నారు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాలేదు."

ఆయన తలపైన గోడకి వంకరగా వేలాడుతున్న ఫ్రేమును సరిచేసి, అద్దం తుడిచింది. లోపల 'శిక్షణలో ప్రథమ స్థానం' అన్న మాట కింద ప్రిన్సిపాల్‌గారి పేరు, ఒక్క సమానం గుర్తూ లేకుండా, ఆయన కోరుకున్నంత పెద్దగా ఉంది.