గోడకెక్కిన లస్మయ్య

కామాటిపుర తెలుగు బడికి వందేళ్ల పండుగ. అక్కడ చదివి పేరు తెచ్చుకున్నవాళ్ల ఫోటోలు హాల్లో వరసగా పెట్టారు.

టీచర్ రుతుజ చివరి ఫోటోకు దండ వేసింది. అది మేస్త్రీ లస్మయ్యది. అక్కడే చదివి, బడి పైఅంతస్తు కూలి తీసుకోకుండా కట్టినవాడు. నిన్న ఫోన్‌లో లస్మయ్య చావుకబురు చెప్పినాయన వెక్కివెక్కి ఏడిస్తే, ఆమెకూ ఏడుపొచ్చింది.

"దండ జర వంకరైంది, బిడ్డా," అన్నారెవరో వెనకనుంచి.

తిరిగి చూస్తే లస్మయ్య!

"అయ్యో తాతా! మరి నిన్న ఫోన్ల..."

"నేనే చేసిన. పోయినోళ్ల ఫోటోలే పెడ్తమన్నరు గద మీ కమిటీవోళ్లు. తొంబై ఏండ్లొచ్చినయ్, ఇంకెన్ని దినాలు ఆగాలె?"

దండ తనే సరిచేసుకుని, వెళ్లి ముందు వరసలో కూర్చున్నాడు.

"ఇగ పొగడుండ్రి."