పదింటిదాకా

ఊనా చేతిలోని గుడ్డల పెట్టె లాక్కుని థెల్మా తన మంచం కిందికి తోసేసింది.

"సిడ్నీ బండెక్కి పోతావా? మీ అక్క మాత్రం ఎన్నాళ్ళు ఉంచుకుంటుందే పిల్లా? వచ్చి కూర్చో, టీ పోస్తాను."

ఊనా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. ఆమె, మొగుడు వెర్న్ పక్కింట్లో దిగి ఇంకా ఏడాది కాలేదు. ఎడమ కన్ను కింద వాపు నీలం తిరిగి ఉంది. పెరటి మెట్టు మీద జారానని ఈసారి ఆమె చెప్పలేదు, థెల్మా అడగనూ లేదు. రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఒక్క పలచని చెక్క గోడ.

వెర్న్ ఉక్కు కార్ఖానా ఎదుటి పబ్బులో బీరు పోస్తాడు. ఐదింటికి కార్ఖానా కూత పెడితే న్యూకాసిల్ మగాళ్ళంతా అక్కడికే పరుగు. ఆరింటికల్లా పబ్బు మూసెయ్యాలని చట్టం. ఆ గంటలో గ్లాసులు ఒక్కొక్కటే నింపే తీరిక లేక వెర్న్ రబ్బరు గొట్టంతో పట్టేవాడు. ఇంటికొచ్చేసరికి చొక్కా మోచేతుల దాకా తడిసి ఉండేది, వీధి మొదట్లోనే వాసన కొట్టేది. ఏట్లో నిలబడ్డవాడు దాహంతో ఉంటాడా అని థెల్మా అనుకునేది.

ఆమె మొగుడు క్లారీ అదే పబ్బులో, కౌంటరుకు ఇవతల, మూత పడేలోగా ఎన్ని వీలైతే అన్ని గ్లాసులు దిగమింగి వచ్చేవాడు. గుమ్మంలో తాళం కన్నం వెతుక్కోడానికే అతనికి బోలెడు సేపు పట్టేది. లోపలికొచ్చాక బూట్లతోనే పడిపోయేవాడు. అతనితో నాలుగు మాటలు మాట్లాడే వేళ థెల్మాకు దొరికితే గదా. పక్కింటి తాళం మాత్రం ఒక్క తిప్పుకే తెరుచుకునేది. ఆ చప్పుడు వింటే గోడకు ఇవతల ఉన్న థెల్మాకే గుండె జారేది.

"తప్పంతా ఆ ఆరుగంటల చట్టానిది," అంది థెల్మా టీ పోస్తూ. "నాలుగు గంటలు తాగాల్సింది ఒక్క గంటలో తాగితే మనిషి పశువు కాక ఏమవుతాడు? ఈ శనివారమే దాని మీద ఓట్లు. పదింటిదాకా తెరిచి ఉంచారనుకో, తీరిగ్గా తాగి మనుషుల్లా ఇళ్ళకొస్తారు."

పదింటిదాకా తెరిస్తే వీధుల్లో నెత్తురు పారుతుందని చర్చి ఆడవాళ్ళు ఇంటింటికీ కరపత్రాలు పంచారు. థెల్మా వాటితో పొయ్యి ముట్టించింది.

ఊనా కప్పులోకి చూస్తూ, "అక్కా, వెర్న్ గురించి నీకో మాట..." అని ఆగింది.

"నాకు తెలీదా? మీ ఆయన తాగుబోతని సిగ్గుపడకు. తాగి కొట్టేవాడు మత్తు దిగితే మళ్ళీ మనిషే. తాగకుండా కొట్టేవాళ్ళుంటారు చూడు, అక్కడ పెళ్ళామే ఏదో చేసుంటుంది. ఊరికే చెయ్యెత్తుతాడా ఎవడైనా?"

 ఊనా టీ కప్పు పక్కకు జరిపి, "అవునక్కా, పాడు మందు," అంది.

నూలుపోగంత తేడాతో పదిగంటలు గెలిచాయి. కొత్త వేళలు ఫిబ్రవరి నుంచి అన్నారు. క్రిస్మస్ వెళ్ళాక ఊనా చేతికి కట్టుతో వచ్చి పెట్టె ఇమ్మని అడిగింది. ఇంత ఓపిక పట్టి ఇప్పుడు పోవడం నోటి దగ్గర కూడు కాలదన్నుకోవడమేనని థెల్మా మందలించి పంపింది. ఆ పిల్లను ఇల్లు నిలబెట్టుకునేలా చెయ్యాలని ఆమెకు గట్టి పట్టుదల. పెట్టె మంచం కిందే ఉండిపోయింది.

ఫిబ్రవరి వచ్చింది. క్లారీ కార్ఖానా నుంచి తిన్నగా ఇంటికొచ్చి, మాంసం ముక్కలు తిని, ఆ తర్వాత పబ్బుకు వెళ్ళడం మొదలెట్టాడు. తిరిగొచ్చి బూట్లు విప్పి పడుకునేవాడు. ఒకనాడు కాళ్ళు తడబడితే వెర్నే పట్టుకొచ్చి గుమ్మంలో దించాడు. "ఇదిగోండి థెల్మా గారూ, మీ సరుకు భద్రంగా అప్పజెప్పాను," అని టోపీ తీసి మరీ నవ్వాడు. బీరు కంపు గుప్పుమన్నా, ఈ వేళప్పుడు మాట ఎంత మర్యాదగా ఉందో అని థెల్మా మురిసిపోయింది. పక్కింట్లో వారమంతా చప్పుడు లేదు. వెర్న్ పని ముగించుకుని వచ్చేసరికి ఊనా నిద్రపోతుండేది.

"చెప్పానా లేదా?" అంది థెల్మా బట్టలారేస్తూ.

"చెప్పావక్కా," అంది కంచె అవతల నుంచి ఊనా.

ఆదివారం వచ్చింది. పబ్బులకు సెలవు. మధ్యాహ్నం థెల్మా మాంసం పొయ్యిలోంచి తీస్తుండగా గోడ అవతల పళ్ళెం పగిలింది. తర్వాత ఏదో బరువుగా పడింది. కేక మాత్రం వినిపించలేదు.

థెల్మా పరుగెత్తింది. ఊనా వంటింటి నేల మీద ఉంది, తల పొయ్యి అంచు పక్కన. వెర్న్ చీపురుతో పెంకులు ఒక మూలకు ఊడుస్తున్నాడు.

"దుంపలు మాడ్చింది," అన్నాడు నెమ్మదిగా. "మాడ్చొద్దని ముందే చెప్పాను."

అంబులెన్సు వచ్చింది. ఎత్తుతుంటే కూడా ఊనా కళ్ళు తెరవలేదు. థెల్మా ఇంట్లోకి వెళ్ళి మంచం కింది పెట్టె తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టింది. బతకడం కష్టమేనని స్ట్రెచర్ పట్టినవాడు మొహం చూడకుండా చెప్పాడు.

థెల్మా ఇంటికి వచ్చేసరికి క్లారీ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. 

"నిన్న రాత్రిది ఇంకా దిగినట్టు లేదు," అంది. "మీ పబ్బువాళ్ళకు బుద్ధుందా? పోసే మనిషికే అంతంత తాగిస్తారా?"

"ఎవరికే?"

"వెర్న్‌కి."

క్లారీ చేతిలో ఫోర్కు పళ్ళెంలో పెట్టి ఆమె వంక వింతగా చూశాడు.

"వాడు మందు ముట్టడు కదే."